సూక్ష్మ అర్థశాస్త్ర పరీక్షలో ఒక్క లెక్క తప్పితే మార్కులన్నీ పోతాయా?

పోవు, వివరణాత్మక ప్రశ్నలకు సాధారణంగా సోపానాల వారీగా మార్కులు ఇస్తారు కాబట్టి, మధ్యలో జరిగిన ఒక భాగహారపు పొరపాటుకు ఆ సోపానం మార్కు మాత్రమే తగ్గుతుంది. సంస్థ ఏ షరతు ఆధారంగా నిర్ణయం తీసుకుంటుందో విద్యార్థికి తెలుసా అన్నదే ఇలాంటి ప్రశ్న ప్రధానంగా పరీక్షించేది. గణితం అందుకు సాధనం.

ఒక గుత్త సంస్థకు (మార్కెట్లో ఏకైక అమ్మకందారుకు) డిమాండ్ సమీకరణం ‘ధర = 100 − 2 × పరిమాణం’ అని, ఉపాంత వ్యయం (అదనంగా ఒక యూనిట్ తయారీకి అయ్యే ఖర్చు) 20 అని, స్థిర వ్యయం (ఉత్పత్తి ఎంతైనా మారని ఖర్చు) లేదని అనుకుందాం. ఉపాంత రాబడి (అదనంగా ఒక యూనిట్ అమ్మితే పెరిగే రాబడి) ‘100 − 4 × పరిమాణం’ అవుతుంది. లాభం గరిష్ఠం కావాలంటే ఉపాంత రాబడి ఉపాంత వ్యయంతో సమానం కావాలి కాబట్టి, దాన్ని 20తో సమానం చేస్తే పరిమాణం 20, ధర 60, లాభం 800 వస్తాయి. ఒక విద్యార్థి 80ని 4తో భాగించి పొరపాటున 25 అని రాసి, ఆ 25తోనే ధర 50, లాభం 750 అని సక్రమంగా సాధిస్తే, తర్వాతి సోపానాలకు మార్కులు ఇవ్వడమే న్యాయం. మరొకరు ధరనే ఉపాంత వ్యయంతో సమానం చేసి పరిమాణం 40, లాభం సున్నా అని రాస్తే, లెక్కలో ఏ దోషమూ లేకపోయినా ఎక్కువ మార్కులు పోతాయి, ఎందుకంటే అది సంపూర్ణ పోటీకి (ఎందరో అమ్మకందారులుండి, ఎవరూ ధరను శాసించలేని మార్కెట్‌కు) చెందిన షరతు.

చివరి సంఖ్య సరిపోతే చాలన్నది చాలామందికి ఉన్న అపోహ. షరతు, సాధన చూపకుండా 800 అని మాత్రమే రాసిన జవాబులో దిద్దేవారికి విద్యార్థి ఆలోచన కనిపించదు, కాబట్టి పూర్తి మార్కులు రాకపోవచ్చు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో మాత్రం ఎంచుకున్న జవాబునే చూస్తారు.