మొదటి క్లయింటుకు ర్యాంకు హామీ ఇవ్వొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఎస్‌ఈవో గురించి అడిగినవారంతా విశాఖవాళ్లే. గూగుల్‌లో వెతికినప్పుడు సైటు పైకి కనిపించేలా చేసే ఈ పనిని కొత్తగా నేర్చుకుంటున్నవారు, మొదటి క్లయింటు దగ్గర తడబడుతున్నవారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

*

ప్రశ్న: మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు పూర్తయింది. సర్టిఫికెట్ ఉంది గానీ, ఎవరైనా సైటు చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. క్లయింటును వెతుక్కునే ముందు ఇంకేం నేర్చుకోవాలండీ?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: పాఠాలు చాలు. ఇక సొంత డొమైన్, అంటే సైటు పేరు, ఒకటి కొనండి. డాట్ ఇన్ అయితే మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. సైటు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఎక్కించి, మీకు బాగా తెలిసిన చిన్న విషయం ఒక్కటి తీసుకుని పది పన్నెండు పేజీలు రాయండి. పరవాడ ఫార్మా సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు అద్దె గది, మెస్సు, బస్సు గురించి ఏమడుగుతారో గాజువాకలో ఉండే మీకు తెలిసినంతగా హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదు. ‘డిజిటల్ మార్కెటింగ్ చిట్కాలు’ అని మాత్రం మొదలుపెట్టకండి. కోర్సు చేసిన ప్రతివారూ ముందు రాసేది అదే.

సైటు పెట్టిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేర్చండి. మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే ఉచిత సాధనం ఇది. అది లెక్క మొదలుపెట్టేది చేర్చిన నాటి నుంచే. డొమైన్ ప్రాపర్టీ అన్న పద్ధతి ఎంచుకుంటే, సైటు మీదేనని రుజువు చేసే ఒక టీఎక్స్‌టీ రికార్డు (చిన్న కోడు) ఇస్తుంది. దాన్ని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగుల్లో అతికించాలి. ఇలా చేస్తే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామా, లేని చిరునామా అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. తర్వాత సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా ఫైలు, ఇచ్చి ఆగండి.

రెండు నెలలకు పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న వెతుకుమాటలు ఏరండి. ఆ మాటలు వెతికినవాళ్లకు కావలసిన జవాబు మీ పేజీ మొదటి పేరాలోనే ఉందా? లేకపోతే టైటిల్, మొదటి పేరా తిరగరాసి, తేదీ నోటుపుస్తకంలో వేసుకోండి. నాలుగు వారాలయ్యాక ముందటి 28 రోజులతో పోల్చండి. ఈ పని ఇరవైసార్లు చేస్తే మీకు ఎస్‌ఈవో వచ్చినట్టే. ఇక్కడొక మోసం ఉంది: సైటు బాగుపడుతున్న కొద్దీ కొత్త మాటలకు 50వ, 60వ స్థానంలో కనిపించడం మొదలై మొత్తం సగటు స్థానం దిగజారినట్టు కనిపిస్తుంది. క్లిక్కులు పెరుగుతుంటే దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. ఒక్కో మాటను, ఒక్కో పేజీని విడిగా చూడాలి.

ఇంకొకటి. ఒక పేజీకి కావాలనే నోఇండెక్స్ (ఈ పేజీని చూపించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టి, అది గూగుల్‌లోంచి మాయమయ్యేదాకా చూడండి. సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీ స్థితి చూపే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఏమని వస్తోందో చదవండి. తీసేశాక ఎన్నాళ్లకు తిరిగొచ్చిందో లెక్కపెట్టండి. రేపు క్లయింటు సైటుకు ఇదే జరిగితే చెయ్యి వణకదు.

*

ప్రశ్న: మా వీధిలో ఏసీ సర్వీసింగ్ షాపు ఉంది. సైటు ఉంది, ఫోన్లు రావడం లేదట. నెలకు ఎనిమిది వేలు ఇస్తానంటున్నారు. కానీ ‘ఏసీ సర్వీస్ ఇన్ వైజాగ్’ అని కొడితే నెల రోజుల్లో మొదటి స్థానంలో రావాలి, రాసివ్వు అంటున్నారు. ఇదే నా మొదటి క్లయింటు. వదులుకోవాలని లేదు. ఏం చెప్పాలి?
– ఎంవీపీ కాలనీ

జవాబు: రాసివ్వకండి. మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో చెబుతుంది. మార్పులు చేసి ఫలితం చూడ్డానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందన్న మాట కూడా అక్కడే ఉంది. ఆ పేజీ ఫోన్‌లో తెరిచి వారికే చూపించండి. మీరు చెబితే సాకులా వినిపిస్తుంది.

పైగా ఆ షాపు విషయంలో ‘మొదటి స్థానం’ అన్నది ఒక్కటి కాదు. మ్యాప్‌తో వచ్చే మూడు షాపుల పెట్టెను గూగుల్ మూడు విషయాలు చూసి నింపుతుంది: అడిగినదానికి షాపు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ఎంవీపీ కాలనీ షాపు గాజువాకలో నిలబడి వెతికేవాడికి మొదట రావడం దాదాపు అయ్యే పని కాదు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరుల్లో వెతికేవాడికి రావచ్చు. ఓనరు తన షాపులోనే కూర్చుని తన ఫోన్లో కొట్టి ‘నాకు వచ్చింది’ అనో ‘రాలేదు’ అనో చెప్పేదాన్ని లెక్కలోకి తీసుకోకండి. అందుకే ఒప్పందంలో ర్యాంకు రాయరు, పని రాస్తారు.

డబ్బు తీసుకునే ముందు తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడండి. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద నమోదైంది? హోస్టింగ్ లాగిన్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ ఎవరివి? గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు (మ్యాప్‌లో షాపు వివరాలు చూపే ఖాతాకు) ఓనరు ఎవరు? చిన్న షాపుల్లో చాలాసార్లు ఇవన్నీ అయిదేళ్ల కిందట సైటు కట్టి వెళ్లిపోయిన కుర్రాడి జీమెయిల్‌లో ఉంటాయి. ప్రొఫైల్ అయితే గూగుల్‌లోనే ఓనర్‌షిప్ కోరవచ్చు. పాతవారికి జవాబివ్వడానికి 3 రోజులు గడువుంటుంది. కొత్తగా చేరినవారికి మొదటి 7 రోజులు కొన్ని పనులకు అనుమతి ఉండదు. డొమైన్ మాత్రం అంత తేలిక కాదు, ఓనరే పాతవారితో మాట్లాడి బదిలీ చేయించుకోవాలి. అది షాపు పేరు మీదికి వచ్చేదాకా అసలు పని మొదలుపెట్టకపోవడమే మంచిది. మీరు మాత్రం అన్నిచోట్లా మేనేజరుగానే చేరండి, ఓనరుగా కాదు. పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపుతామంటే వద్దనండి.

తర్వాత ఒక రోజంతా షాపులో ఫోను పక్కన కూర్చోండి. అవతలివాళ్లు అన్న మొదటి వాక్యం ఉన్నదున్నట్టు రాసుకోండి. ‘ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయండీ’, ‘గ్యాస్ నింపడానికి ఎంత తీసుకుంటారు?’, ‘పోయినేడే గ్యాస్ కొట్టించాం, మళ్లీ చల్లదనం లేదు’. వెతుకుమాటలు చూపే గూగుల్ సాధనం కీవర్డ్ ప్లానర్ ఇచ్చే పట్టిక కంటే ఈ కాగితం విలువైనది. ఆ మూడో వాక్యం వైజాగ్‌లో ఎందుకు ఎక్కువ వినిపిస్తుందో షాపులో మెకానిక్కునడగండి: సముద్రపు ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తినేసి, గ్యాస్ లీకవుతుంది. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. దాని మీద ఒక పేజీ రాయండి. కాయిల్ ఎన్నాళ్లకొకసారి కడగాలి, లీకు ఎక్కడుందో ఎలా కనిపెడతారు, లీకు అతకకుండా గ్యాస్ నింపితే డబ్బు ఎలా వృథా అవుతుంది, రేటు ఎంత అన్నీ ఉండాలి. నాలుగు ఫొటోలు మెకానిక్ ఫోన్లోవే వాడండి. ఇలాంటి పేజీ ఢిల్లీ కంపెనీ సైటులో ఉండదు.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పొకటుంది. ‘ఏసీ సర్వీస్ ఇన్ మధురవాడ’, ‘ఏసీ సర్వీస్ ఇన్ గోపాలపట్నం’ అంటూ ఊరి పేరొక్కటి మార్చి ముప్పై పేజీలు దించేస్తారు. వీటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది. స్పామ్ కింద లెక్క. షాపు పేరు దగ్గర కూడా అంతే. బోర్డు మీద లేని ‘బెస్ట్ ఏసీ రిపేర్ వైజాగ్’ అన్న తోకను ప్రొఫైల్ పేరుకు తగిలిస్తే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. ఎవరో ఫిర్యాదు చేసిన రోజున ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు, అప్పుడు వచ్చే నాలుగు ఫోన్లూ ఆగిపోతాయి. కేటగిరీలు సరిగ్గా ఎంచుకోవడం, అంటే ప్రధానమైనది ఒకటి, అదనంగా తొమ్మిది దాకా, ఆ తోక కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఎనిమిది వేలంటారా, గంటకు నాలుగు వందల చొప్పున నెలకు ఇరవై గంటల పని. ఒప్పందం ఒక పేజీ చాలు: మొదటి నెల సైటు తనిఖీ, ప్రొఫైల్ సరిదిద్దడం, ఉన్న పేజీల టైటిళ్లు, రెండో నెల నుంచి నెలకు రెండు కొత్త పేజీలు, పాతవాటి మరమ్మతు. ఆరు నెలల గడువు, ఎటువైపు నుంచైనా నెల ముందు చెప్పి మానేయవచ్చు. పని మొదలుపెట్టే రోజు లెక్కలు, అంటే నెలకు క్లిక్కులెన్ని, ప్రొఫైల్ నుంచి కాల్ బటన్ నొక్కినవారెందరు, షాపు ఫోనుకు నిజంగా వచ్చిన కాల్సెన్ని అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఈ కాగితం లేకపోతే ఆరో నెల్లో ‘ఏం చేశావు?’ అన్న ప్రశ్నకు జవాబుండదు.

కాలం కూడా చూడండి. ఏసీల వెతుకులాట ఎండలతో మొదలవుతుంది. మార్చిలో ఫోన్లు రావాలంటే నవంబరులోనే పేజీలు ఎక్కాలి. మీరు ఏప్రిల్‌లో మొదలుపెట్టి జూలై లెక్కలు చూపిస్తే వర్షాలకు తగ్గినదంతా మీ ఖాతాలో పడుతుంది. పోలిక ఎప్పుడూ పోయినేడు అదే నెలతో. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క దాచుతుంది.

*

ప్రశ్న: క్లయింటు సైటు కొత్త డిజైన్‌లోకి మార్చారు. రెండు వారాల్లో గూగుల్‌లో కనిపించడం మానేసింది. నా వల్లే అంటున్నారు.
– సీతమ్మధార

జవాబు: ముందు వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరవండి. సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును ఇండెక్స్ చేయవద్దని, అంటే తమ జాబితాలో చేర్చుకోవద్దని, చెప్పే గడి ఒకటి ఉంటుంది. డిజైనర్లు కట్టేటప్పుడు దాన్ని టిక్ చేసి, సైటు వదిలే రోజు తీయడం మరచిపోతారు. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

అది కాకపోతే పాత చిరునామాలు. డిజైన్ మారినప్పుడు పేజీల చిరునామాలూ మారి, పాతవి 404 (పేజీ లేదు) అవుతాయి. సెర్చ్ కన్సోల్‌లో పాత పేజీల జాబితా దించుకుని, ఒక్కోదాన్ని దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయాలి, అంటే శాశ్వతంగా మళ్లించాలి. అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటిని లేని పేజీలుగానే చూస్తుంది. 500 చిరునామాల లోపు సైటైతే సైటు పేజీలన్నీ తిరిగి చూసే స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో మొత్తం జల్లెడ పట్టవచ్చు.

ఒక చిక్కు: గూగుల్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో ఒక పేజీని అడ్డుకుని, అదే పేజీలో నోఇండెక్స్ కూడా పెడితే ఆ నోఇండెక్స్ పనిచేయదు. గూగుల్ లోపలికి రాలేదు కాబట్టి ఆ మాట చదవనే చదవదు. రెండింట్లో ఏదో ఒకటే.

*

ప్రశ్న: పేజీలు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? ఊరి పేరు విశాఖపట్నం అనాలా, వైజాగ్ అనాలా?
– అక్కయ్యపాలెం

జవాబు: ఏ మాటను ఎంత వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో ఊరి పేర్లు రెండూ పెట్టి పోల్చండి, మీ సరుకును బట్టి తేలుతుంది. పేజీలో రెండూ సహజంగా వస్తే చాలు, ప్రతి వాక్యంలో కుక్కక్కర్లేదు.

భాష సంగతి: సర్వీసు కోసం వెతికేవాళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. కానీ ‘ఎందుకు, ఎలా’ అనే ప్రశ్నలకు తెలుగులో మంచి పేజీలు తక్కువ కాబట్టి పోటీ పలచన. రెండు భాషల్లోనూ పెడితే వేర్వేరు పేజీలుగా పెట్టి హెచ్‌రెఫ్‌లాంగ్‌తో (ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు చెప్పే కోడుతో) ముడివేయండి. ఒకే పేజీలో పైన ఇంగ్లీషు, కింద తెలుగు అతికించవద్దు. యంత్రం అనువదించినదాన్ని చదవకుండా ఎక్కించవద్దు.

పేజీ చిరునామా (యూఆర్ఎల్) మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు మూడు అక్షరాలుగా మారుతుంది. అంటే ‘ఏసీ’ అన్న మాటకే (ఏ, స, గుడిదీర్ఘం – మూడు గుర్తులు) 27 అక్షరాలు. చిరునామాలో పేజీ పేరున్న భాగాన్ని వర్డ్‌ప్రెస్ 200 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. ఇరవై రెండు తెలుగు గుర్తులు దాటితే మాట మధ్యలో తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల దండలా కనిపించి, ఏదో వైరస్ లింకనుకుని ఎవరూ నొక్కరు.

*

ప్రశ్న: రెండు వేలకు అయిదు వందల బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు) ఇస్తామని మెసేజీలు వస్తున్నాయి. కొనవచ్చా?
– మధురవాడ

జవాబు: వద్దు. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. పట్టుబడకపోయినా అవి ఎక్కువగా లెక్కలోకే రావు, ఆ రెండు వేలూ దండగ. షాపుకు నిజమైన లింకులు దొరికే చోట్లు వేరు: వాళ్లు డీలరుగా ఉన్న కంపెనీ డీలర్ల పేజీ, సభ్యులుగా ఉన్న వర్తక సంఘం సైటు, పనిచేసిపెట్టిన అపార్ట్‌మెంట్ల బిల్డరు సైటు. అయిదు వస్తే గొప్ప. రివ్యూలకు తగ్గింపు ఇస్తామనడం కూడా నిషేధమే. పని అయ్యాక లింకు పంపి అడగడంలో తప్పు లేదు.

*

ప్రశ్న: బిల్లు ఎలా ఇవ్వాలి? జీఎస్‌టీ వెయ్యాలా? మధ్యలో మానేస్తే ఏం చెయ్యాలి?
– పూర్ణా మార్కెట్ దగ్గర నుంచి

జవాబు: సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపైతే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేనప్పుడు బిల్లులో జీఎస్‌టీ వసూలు చేయనూ కూడదు. బిల్లు మీద వరుస నంబరు, తేదీ, మీ పాన్, ఆ నెల చేసిన పని రాస్తే సరిపోతుంది. నెల సొమ్ము నెల మొదట్లోనే తీసుకోండి. అరువు పెడితే మూడో నెలకల్లా ఫోనెత్తరు. సాధనాల చందాలు, ఫొటోల ఖర్చు విడిగా చూపించండి.

మానేసే రోజున చేసిన మార్పుల తేదీల పట్టిక, రీడైరెక్టుల ఫైలు ఓనరుకు అప్పజెప్పి, వారి ఎదుటే మీ ఈమెయిల్‌ను సెర్చ్ కన్సోల్, ప్రొఫైల్, వర్డ్‌ప్రెస్ మూడింటిలోంచీ తీయించండి. బాకీ ఉంది కదా అని సైటు ఆపేయడం, ప్రొఫైల్ పేరు మార్చడం చేయకండి. బాకీకి ఒప్పంద పత్రంతో నోటీసు ఇవ్వాలి తప్ప, వాళ్ల సైటు మీద చెయ్యి వేస్తే తప్పు మీదవుతుంది.