ఎస్ఆర్ మాత్ర మలంలో మాత్రలాగే కనిపిస్తే మందు వంటికి పట్టినట్టేనా?

మీ నాన్నగారు షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ (సస్టైన్డ్ రిలీజ్, అంటే మందును మెల్లగా వదిలే) మాత్ర మలంలో మాత్రలాగే కనిపిస్తోందని, మందు పట్టడం లేదేమోనని, నలిపి ఇవ్వొచ్చా అని అడిగారు. దయచేసి నలపకండి. నేను హైదరాబాద్‌లో ఇలాంటి మాత్రలు రూపొందించే ఫార్ములేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. మా అమ్మ కూడా ఇదే మందు వాడుతుంది, ఆవిడకూ ఇదే టెన్షన్ వచ్చింది.

చాలా ఎస్ఆర్ మెట్‌ఫార్మిన్ మాత్రల్లో మందుతోపాటు హైప్రోమెల్లోజ్ అనే పాలిమర్ పొడి కలిపి గట్టిగా అదుముతారు. దీన్నే మేం మ్యాట్రిక్స్ అంటాం. కడుపులో తడి తగలగానే మాత్ర పైభాగం ఉబ్బి, నానిన సబ్జా గింజకు పట్టినట్టు జిగురు పొర కడుతుంది. లోపలి మందు కరిగి, ఆ జిగురులోంచే మెల్లగా బయటికి రావాలి.

ల్యాబ్‌లో 37 డిగ్రీల బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉండే ద్రావణంలో) రెండు మూడు గంటలు ఉంచిన మాత్రను బ్లేడుతో కోస్తే ఇదంతా కంటికే కనిపిస్తుంది. నడుమ తెల్లగా, పొడిగా, ఇంకా తడవని భాగం. చుట్టూ వేలికి అంటితే ఓ పట్టాన వదలని జిగురు. గంటగంటకూ నడిమి భాగం చిన్నదవుతుంది, మందు దాటాల్సిన దారి పొడవవుతుంది. అందుకే మొదటి గంటలో వచ్చినంత మందు తర్వాతి గంటల్లో రాదు. ఫార్మసీ శాస్త్రవేత్త టకేరు హిగుచి 1961లో ఆయింట్‌మెంట్లకు ఈ లెక్క కట్టి, 1963లో ఘన మ్యాట్రిక్స్‌లకూ విస్తరించారు. బయటికొచ్చిన మందు గడిచిన కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి గంటకు 30 శాతం వస్తే 4 గంటలకు 60, 9 గంటలకు 90. జిగురు పైనుంచి అరిగిపోతుంది కూడా కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా విడుదల గ్రాఫ్ చేతికి రాగానే నేను ముందు చూసేది ఇదే.

మెట్‌ఫార్మిన్ నీళ్లలో ఇట్టే కరిగే మందు, డోసూ పెద్దదే. దాన్ని పట్టి ఉంచాలంటే చిక్కటి పాలిమర్ బాగా వేయాలి. ఈ మాత్రలు అంత లావుగా ఉండేది అందుకే.

మందు వెళ్లిపోయాక మిగిలిన జిగురును మన పేగులు అరిగించుకోలేవు. అది మెత్తటి ముద్దగా బయటికొస్తుంది. మీరు చూసింది అదే అయ్యుండాలి. అమెరికాలో ఈ మందుతో ఇచ్చే సమాచార పత్రంలోనూ ఈ విషయం రాసి ఉంటుంది. మా అమ్మకు రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లలో చూపించాను. మామూలు మెట్‌ఫార్మిన్ కాసేపటికే విడిపోయింది. ఎస్ఆర్ మాత్ర మాత్రం రాత్రికి ఉబ్బి, స్పూనుతో తీస్తే జారిపోతూ, ఆకారం చెడకుండా ఉంది. మందు పట్టిందో లేదో చెప్పేది షుగర్ రీడింగు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష). అవి పెరుగుతున్నా, విరేచనాలు అవుతున్నా డాక్టర్‌కి చెప్పండి.

నలిపితే జిగురు పొర కట్టే వీలే ఉండదు. రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే దిగి వికారం, విరేచనాలు పట్టుకోవచ్చు. బలమైన నొప్పి మందుల్లో ఇలా జరిగితే ప్రాణం మీదికే వస్తుంది. విరిచినా తడి తగిలే చోటు పెరిగి మందు త్వరగా వచ్చేస్తుంది. బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ సక్సినేట్ మాత్రలు కొన్ని గీత దగ్గర విరవొచ్చు. వాటిలో చిన్న చిన్న గుళికలుంటాయి, ఒక్కో గుళికకూ సొంత పూత ఉంటుంది. వాటిని చూసి వీటినీ విరిచేయకండి.

రాత్రి భోజనంతో వేసుకోమనడానికీ కారణముంది. మెట్‌ఫార్మిన్ ఎక్కువగా చిన్నపేగు పైభాగంలోనే వంటికి పడుతుంది. తిండి ఉంటే మాత్ర కడుపులో ఎక్కువసేపు ఆగి, మందును కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది. నాన్నగారికి మింగడమే కష్టంగా ఉంటే డాక్టర్‌ని అడగండి, మామూలు మెట్‌ఫార్మిన్‌ను రోజుకు రెండు మూడుసార్లుగా మార్చి ఇవ్వగలరు.