కారు వెనుక కంపెనీ బిగించే రెక్క నిజంగా కారును నేలకు అదుముతుందా?

పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్ వంటి కొన్ని కార్లలో నిజంగానే అదుముతుంది గానీ, మామూలు కార్లలో చాలావాటికి ఉండే స్పాయిలర్ అనే చిన్న అంచు వేగంలో వెనుక భాగం పైకి తేలే గుణాన్ని తగ్గిస్తుంది, అంతే. పైకప్పు వంపు వెంట గాలి వేగంగా జారినప్పుడు అక్కడ పీడనం పడిపోయి వెనుక చక్రాలపై భారం తగ్గుతుంది. డిక్కీ చివర నిలిచిన అంచు ఆ గాలిని వంపు నుంచి విడదీసి పీడనాన్ని కొంత నిలబెడుతుంది. 1998లో స్పాయిలర్ లేకుండా వచ్చిన ఆడి టీటీ అతివేగంలో అదుపు తప్పి ప్రమాదాలు జరగడంతో, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించి, సస్పెన్షన్ మార్పులతో పాటు డిక్కీపై చిన్న స్పాయిలర్ కూడా బిగించింది.

రెక్క ఉంటే ఊళ్లో మలుపుల్లోనూ పట్టు పెరుగుతుందనుకోవడం పొరపాటు. గాలి బలం వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి మారుతుంది కనుక, గంటకు 180 కిలోమీటర్ల వద్ద ఉండే బలంలో 60 వద్ద మిగిలేది తొమ్మిదో వంతే. ఆ వేగంలో పట్టునిచ్చేవి ప్రధానంగా టైర్లే.