ఇచ్చే ముందు ఆలోచించు, ఇచ్చాక భయపడకు

ప్రియమైన తమ్ముడికి,

టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలుగా మారి, పాచికలు వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గుహలో నీళ్ళ చప్పుడు, ఆ ముసలి పడవవాడి మాటతీరు, చివరి గదిలోకి వెలుతురు ఎటు నుంచి పడుతుందో కూడా చెప్పడం, ఇవన్నీ చాలా బాగా కుదిరాయి. నీకు చూసే కన్ను ఉంది. అందుకే ఒక్క విషయం మీద ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నీ కథలో మాయ వస్తువులు 23 ఉన్నాయి. వాటిలో 14 వస్తువులకు నువ్వు రాసింది ఇంతే: "ఖడ్గం +1", "కవచం +1", "డాలు +1". రెండు సన్నివేశాల్లో కనిపించి వెళ్ళిపోయే పడవవాడికి అరపేజీ ఇచ్చావు. ఆటగాళ్ళు నెలల తరబడి వెంట పెట్టుకుని తిరిగే వస్తువుకు మాత్రం ఒక అంకె ఇచ్చి ఊరుకున్నావు.

ఆ +1 ఆటలో ఏం చేస్తుందో లెక్కేసి చూడు. దెబ్బ తగిలిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచిక మీద ఒక్క అంకె అంటే నూటికి 5. అంటే 20 సార్లు కత్తి దూస్తే అందులో ఒక్కసారి, తప్పిపోవాల్సిన దెబ్బ తగులుతుంది. ఒక పోరాటంలో ఒక్కొక్కరికి నాలుగైదు వంతులు వస్తే గొప్ప. కాబట్టి ఆ కత్తిలోని మాయ నాలుగు పోరాటాలకు ఒకసారి అక్కరకు వస్తుంది. దెబ్బ తగిలినప్పుడల్లా శత్రువు ప్రాణంలో ఒక పాయింటు ఎక్కువ పోతుంది, నిజమే. కానీ ఆటగాడు "పదకొండు, ప్లస్ ఐదు, ప్లస్ ఒకటి, పదిహేడు" అని కూడుకుంటూ పోతాడు. మాయ కూడికలో కలిసిపోతుంది. తన చేతిలో ఉన్నది మామూలు కత్తి కాదన్న సంగతి మూడో సెషన్‌కే, అంటే మూడో పూట ఆటకే, మర్చిపోతాడు.

ఈ అలవాటు నీ దగ్గర మొదలైంది కాదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు ఎన్నో మాయ ఖడ్గాలకు తెలివి, అహం ఉండేవి. పట్టుకున్నవాడు బలహీనుడైతే కత్తే వాణ్ణి తన దారిన నడిపించేది. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి వస్తువులకు ధరల పట్టిక స్థిరపడింది. +1 ఆయుధానికి 2,000 బంగారు నాణేలు, +2కి 8,000, +3కి 18,000. ఏ లెవెల్‌లో ఒక్కొక్కరి దగ్గర ఎంత సంపద ఉండాలో కూడా లెక్క రాసిపెట్టారు. రాక్షసుల బలం ఆ లెక్కకు సరిపోయేలా కట్టారు. దాంతో మాయ వస్తువు బహుమతిలా కాకుండా జీతంలా తయారైంది. జీతం ఆలస్యమైతే కోపం వస్తుంది, సమయానికి పడితే ఎవరూ ఆశ్చర్యపోరు. 2008లో నాలుగో ఎడిషన్ ఇంకో అడుగు వేసి వస్తువులను ఆటగాళ్ళ పుస్తకంలోనే పెట్టింది. ఏమేం కావాలో జాబితా రాసి, ఆట నడిపే డీఎంకి ఇమ్మంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇప్పుడు రాక్షసుల లెక్కలు మాయ వస్తువుల మీద ఆధారపడవు. శక్తిమంతమైనవాటిలో చాలావాటికి అట్యూన్‌మెంట్, అంటే వస్తువుతో ముందుగా బంధం కలుపుకోవడం, కావాలి. అది ఒక్కొక్కరికి మూడు వస్తువులకే.

ఆ మూడు అన్న హద్దు నాకు ఎంతో ఇష్టం. నాలుగోది దొరికినప్పుడు పాతదాన్ని వదులుకోవాలా అని ఆటగాడు ఆలోచనలో పడతాడు. ఆ రెండు నిమిషాల మౌనం కోసమే నేను వస్తువులు రాస్తాను.

ఇక మంచి వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. ఐదో ఎడిషన్‌లో ఒక ఇనుప కడ్డీ ఉంది. దాని బొత్తాం నొక్కితే ఉన్నచోటే, గాల్లోనైనా సరే, బిగుసుకుపోతుంది. 8,000 పౌండ్ల బరువు వరకు మోస్తుంది. అట్యూన్‌మెంట్ అక్కర్లేదు. దెబ్బకు ఒక్క పాయింటు కూడా కలపదు. ఒక క్యాంపెయిన్‌లో, అంటే సెషన్ల తరబడి సాగే ఒక పెద్ద కథలో, ఈ కడ్డీని నేను ఒక ఆటగాడికి ఇచ్చాను. మొదట తలుపుకు అడ్డుగడియగా వాడాడు. తర్వాత ఒక అగాధం అంచున గాల్లో బిగించి, దానికి తాడు కట్టి అందరినీ దించాడు. ఏడో సెషన్‌లో వాళ్ళను మింగడానికి నోరు తెరిచిన మహాసర్పం దవడల మధ్య దాన్ని నిలువుగా పెట్టి బొత్తాం నొక్కాడు. "ఇప్పుడు మూయమనండి" అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్న ఐదుగురూ లేచి నిలబడ్డారు. నేను కూడా. ఆ పామును మూడు పోరాటాలకు సరిపడా రాసుకున్నాను. అది ఆ క్షణంలోనే అయిపోయింది. నాకు రవ్వంత బాధ కలగలేదు.

తేడా గమనించావా? +1 కత్తి ఆటగాడి పని తనే చేసిపెడుతుంది. కడ్డీ అతనికి పని చెప్తుంది. వస్తువు రాసేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: దీన్ని నేను ఊహించని విధంగా వాడే అవకాశం ఉందా? లేకపోతే అక్కడికే కొట్టేస్తాను.

నీ కథలోంచే ఒకటి తీసుకుని చూద్దాం. రెండో అధ్యాయంలో "మంత్ర గజ్జె, మెప్పించే ప్రయత్నాలకు +1" అని రాశావు. దాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"కంచు గజ్జె. నల్లబడిన పట్టుదారానికి కట్టి ఉంది. ఎంత ఊపినా చప్పుడు చేయదు. ఒంటి మీద కట్టుకున్నవాళ్ళు తెలిసి అబద్ధమాడితే మాత్రం ఒక్కసారి మోగుతుంది. తాము నిజమని నమ్మి చెప్పిన తప్పుడు మాటకు మోగదు. మౌనానికీ మోగదు."

ఐదారు వాక్యాలే. కట్టుకున్నవాడికి దీనితో లాభం లేదు, పైగా ఇబ్బంది. మొదట ఆటగాళ్ళు పెదవి విరుస్తారు. తర్వాత ఎవరో ఒకరికి వెలుగుతుంది: దీన్ని మనమే ఎందుకు కట్టుకోవాలి? మంత్రికి కానుకగా ఇస్తే? రాజుగారి కూతురి కాలికి కట్టిస్తే? ఇక ఆ పూట నువ్వు అనుకున్న గుహకు వాళ్ళు వెళ్ళరు. దర్బారుకు వెళ్ళే దారి వెతుక్కుంటారు. వెళ్ళనివ్వు.

చివరి రెండు వాక్యాలు చూడు. అవి గజ్జె ఏం చేయదో చెప్తున్నాయి. కొత్తగా రాసేవాళ్ళు సాధారణంగా వదిలేసేది దీన్నే. ఏం చేస్తుందో ఎంత అందంగా రాసినా, హద్దు రాయకపోతే నీ అడ్వెంచర్ నడిపే డీఎం ఎక్కడో అర్ధరాత్రి ఐదుగురితో వాదన పెట్టుకుంటాడు. సగం నిజానికి మోగుతుందా? పాటలో అబద్ధానికి మోగుతుందా? అన్నీ రాయలేవు, రాయకూడదు కూడా. కానీ అసలు సూత్రం ఒకటి చెప్తే చాలు. ఇక్కడ సూత్రం "తెలిసి" అన్న మాట. దాన్ని పట్టుకుని డీఎం మిగతావి తనే తేల్చుకుంటాడు.

వస్తువు గురించి అంతా ఒకేసారి చెప్పెయ్యాలన్న తొందర కూడా వద్దు. 1993లో వచ్చిన ఎర్త్‌డాన్ అనే ఆటలో ఒక పద్ధతి ఉంది, వీలైతే చదువు. అక్కడ గొప్ప వస్తువుల శక్తి ఒక్కసారిగా చేతికి రాదు. దాని పేరేమిటి, ఎవరు చేశారు, అది ఏ పనిలో పాలుపంచుకుంది అని చరిత్ర తెలుసుకున్న కొద్దీ మెట్టు మెట్టుగా తెరుచుకుంటుంది. ఒకే కత్తి పదేళ్ళ క్యాంపెయిన్‌కు సరిపోతుంది. నీ 14 ఖడ్గాలు, కవచాలు, డాళ్ళ బదులు ఇలాంటిది ఒక్కటి పెట్టి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉత్తరంలో అడిగావు: "అక్కా, ఇచ్చిన వస్తువు మరీ బలంగా ఉండి కథ చెడిపోతుంటే ఎలా వెనక్కి తీసుకోవాలి?"

నా మొదటి క్యాంపెయిన్‌లో మూడో లెవెల్ పార్టీకి, అంటే ఆటగాళ్ళ జట్టుకి, ఎగిరే తివాచీ ఇచ్చాను. ఇవ్వడంలో ఉన్న ఆనందం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. తర్వాతి మూడు సెషన్ల కోసం ఒక కొండ కనుమ సిద్ధం చేసుకున్నాను. మంచు, కూలిన వంతెన, కాపలా రాక్షసులు, అన్నీ. వాళ్ళు తివాచీ పరిచి పది నిమిషాల్లో దాటేశారు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ తర్వాత నా లోకంలో ప్రతి గుహకూ పైకప్పు కిందికి దిగింది, ప్రతి కొండ మీదా గాలివాన మొదలైంది. అదీ చాలక ఒక రాత్రి దొంగ వచ్చి తివాచీ ఎత్తుకుపోయాడని చెప్పేశాను. పాచిక కూడా వేయనివ్వలేదు.

తివాచీ ఎవరి క్యారెక్టర్ షీట్‌లో (పాత్ర వివరాలు రాసుకునే కాగితంలో) ఉందో ఆ అమ్మాయి ఏమీ అనలేదు. రబ్బరు తీసుకుని ఆ గీత చెరిపింది. గట్టిగా రాసుకున్నట్టుంది, ఎంత చెరిపినా అక్షరాల జాడ పోలేదు, కాగితం మాత్రం పల్చబడింది. "ఫర్వాలేదండీ" అంది. ఆ తర్వాత ఆమె ఏ వస్తువునూ దగ్గర పెట్టుకోలేదు. ఏది దొరికినా "ఇది ఎంతకు అమ్ముడుపోతుంది?" అనే అడిగేది. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు ఆ పల్చబడ్డ కాగితం గుర్తొచ్చేది. ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నేను చేయాల్సింది వేరే. తివాచీ మీద నలుగురు పడతారు. కనుమ అవతలికి చేర్చాల్సింది ఊరు వదిలి పారిపోతున్న నలభై మందిని అయితే? ఎవరిని ముందు ఎక్కించాలి, దిగినచోట వాళ్ళకు కాపలా ఎవరు, ఆకాశంలో ఎగిరే తివాచీని కొండ మీది విలుకాళ్ళు చూస్తే ఏమవుతుంది? నా మంచు, వంతెన, రాక్షసులు ఏవీ వృథా అయ్యేవి కావు. వస్తువు బలాన్ని తగ్గించకుండా, దాని బలం వల్లే పుట్టే కష్టం రాయాలి.

వెనక్కి తీసుకోవడమే కూడదని నేననడం లేదు. గాండీవం సంగతి తలుచుకో. ఖాండవ దహనం కోసం అగ్ని దాన్ని వరుణుడి దగ్గర అడిగి తెచ్చి అర్జునుడికి ఇప్పించాడు. కథ ముగిసే వేళ అదే అగ్ని దారిలో ఎదురై దాన్ని వరుణుడికి ఇచ్చెయ్యమన్నాడు. అర్జునుడు తన చేత్తోనే సముద్రంలో విడిచాడు. అది దొంగతనం కాదు. ఎవరిదో, ఎందుకు వచ్చిందో మొదటి నుంచీ తెలుసు. వదిలినవాడు కూడా అతనే. నీ కథలో అరువు వస్తువు ఉంటే ఇచ్చిన రోజే ఆ మాట చెప్పు. అలా చెప్పకుండా ఇచ్చి, తర్వాత నిజంగానే ఆట చెడుతోందనిపిస్తే, ఆటగాడితో ఆట బయట కూర్చుని మాట్లాడు. "నేను సరిగ్గా ఆలోచించలేదు, ఇద్దరం కలిసి దీన్ని మార్చుదామా?" అని అడిగితే కాదనేవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

నీకింకా చేయి తిరగలేదు కాబట్టి ఒక్కసారికే పనికొచ్చే వస్తువులు ఎక్కువగా రాయి. నీ అంచనా తప్పినా నష్టం ఒక్క పూటే. అయితే ఆటగాళ్ళు వాటిని దాచుకుని దాచుకుని చివరికి వాడనే వాడరు. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసమని దాచాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు సైన్యాన్ని ఊచకోత కోస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు మొరపెట్టుకుంటే, అక్కడ వాడక తప్పలేదు. ఒక్కసారి వాడే వస్తువుకు ఉండాల్సిన ఒత్తిడి అది. అంత పెద్ద ఘట్టం ప్రతిసారీ కుదరదు కాబట్టి నేను సులువైన పని చేస్తాను: సీసా మీద గడువు రాస్తాను. "అమావాస్య దాటితే ఉత్త నీళ్ళే." అంతే, దాచుకోవడం ఆగిపోతుంది.

శాపాల గురించి ఒక్క మాట. నీ నాలుగో గదిలోని హారం వేసుకోగానే గొంతు బిగుసుకుని చచ్చిపోతారు. ముందు ఏ సూచనా లేదు. దాన్ని తీసెయ్యి. అలాంటిది ఒక్కటి తగిలాక మిగతా 22 వస్తువులను ఎవరూ ముట్టుకోరు, పది అడుగుల కర్రతో పొడిచి చూస్తారు. శాపం ముందే తెలిసి కూడా "అయినా సరే, వేసుకుంటాను" అనిపించేలా ఉంటే అప్పుడు పెట్టు.

ఇంకొకటి గమనించాను, ఇది నువ్వు కావాలని చేశావో లేదో తెలియదు. పడవవాడు చనిపోయాక అతని తెడ్డు "నీటి మీద తేలుతూ, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా కదులుతోంది" అని రాసి వదిలేశావు. దానికి +1 లేదు, ధర లేదు, నీ వస్తువుల జాబితాలో పేరు కూడా లేదు. కానీ ఏ పార్టీ అయినా సరే, ఆ గదిలో అడుగుపెట్టగానే ముందు దాని కోసమే నీళ్ళలోకి దూకుతుంది. ఆ 14 వస్తువులు కొట్టేసి, ఖాళీ అయిన చోటంతా దీనికి ఇవ్వు. అది ఎటు వెళ్తోంది? పడవవాడికి ముందు ఎవరి చేతిలో ఉంది? వచ్చే నెలలోగా రాసి పంపు. నా ఆదివారం పార్టీతో ఆడి చూసి, వాళ్ళు దాన్ని ఏం చేశారో నీకు రాస్తాను.

ప్రేమతో,
అక్క