ఆమె ఆజ్ఞ, అతని ఇష్టం

ప్రశ్న: కోనసీమ నేపథ్యంగా ఒక పెద్దకథ రాస్తున్నాను. భార్య కొబ్బరి వ్యాపారం చూసుకుంటుంది. ఇల్లరికం వచ్చిన భర్త కళాశాలలో లెక్కలు చెబుతాడు. ఏకాంతంలో ఆమె ఆజ్ఞాపించడం, అతను పాటించడం ఇద్దరూ కోరుకున్న ప్రణయ రీతి. చిత్తుప్రతి చదివిన స్నేహితురాలు ఇది జబ్బనీ, మన సంప్రదాయంలో లేనిదనీ అన్నది. అది ఇష్టపూర్వకమైన బంధమని ఉపన్యాసం లేకుండా ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు మీ స్నేహితురాలి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన 11వ వ్యాధుల వర్గీకరణలో, వయోజనులు పరస్పర సమ్మతితో నడుపుకొనే ఇటువంటి సంబంధం జబ్బుగా లేదు. ఎదుటివారి ఇష్టం లేకుండా హింసించి సుఖపడడాన్ని మాత్రం రుగ్మతగానే ఉంచారు. ఇక సంప్రదాయం అంటారా, ప్రేమకు లొంగిన భర్త తన చెప్పుచేతల్లో ఉండే నాయికను మన అలంకారికులు స్వాధీనపతిక అని పిలిచి, అష్టవిధ నాయికలలో చోటిచ్చారు. నంది తిమ్మన కావ్యం పారిజాతాపహరణంలో సత్యభామ కాలితో తన్నినప్పుడు కృష్ణుడు తాను ఆమె దాసుడినని చెప్పుకొని, తన పులకలు గుచ్చుకొని ఆమె పాదం నొచ్చి ఉంటుందని బాధపడతాడు. అయితే అది కోపంలో తన్నిన తన్నే గాని ఇద్దరూ ముందుగా అనుకొన్నది కాదు కనుక, మీ కథకు దానిని సాక్ష్యంగా నిలబెట్టడం నాకు సబబుగా తోచదు.

మీకు అసలు చిక్కు ఇల్లరికంతో వస్తుంది. ఇల్లూ తోటా మామగారివైనప్పుడు, అల్లుడు భార్య మాటకు తలవంచితే అది ఇష్టమో, గతిలేనితనమో పాఠకులు తేల్చుకోలేరు. (భార్య లొంగే కథ అయితే ఈ అనుమానం ఇంకా బలంగా ఉండేది, కట్నం, అత్తింటి భయం మన పాఠకులకు ఎవరూ చెప్పనక్కరలేదు.) అందువల్ల పగటి వెలుగులో అతను కాదనే సన్నివేశం ఒకటి ముందే ఉండాలి. ఉద్యోగం మానేసి కొబ్బరి లెక్కలు చూసుకోమని మామగారు అడిగినప్పుడు అతను మర్యాదగానే నిరాకరించి, ఆమె అతని పక్షాన నిలబడితే, ఆ రాత్రి అతను పాటించే ఆజ్ఞ అతను ఎంచుకొన్నదేనని వేరే చెప్పనవసరం ఉండదు.

రెండో సాధనం మన భాషలోనే ఉంది. పగలంతా "ఏవండీ, భోజనానికి రండి" అనే మనిషి తలుపు మూసిన తరువాత "నువ్వు ఇక్కడ కూర్చో" అంటే, అతను "ఆయ్, చిత్తమండీ" అంటే, ఆట మొదలైందని గోదావరి పాఠకులు ఆ సంబోధనతోనే పసిగడతారు. ఆమె మళ్లీ "ఏవండీ" అన్న క్షణాన అది ముగుస్తుంది.

ఆటను ఆపే మాట కూడా ముందే అనుకొని ఉండాలి, అది ఇద్దరి నోటా చెల్లాలి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపినప్పుడు డెల్టా అంతటా వినిపించే "కాలువలు కట్టేశారు" అన్న మాటను వాళ్లు నవ్వుకుంటూ ఎంచుకొన్నట్లు రాయండి. మీరు పంపిన భాగంలో అతను ఎక్కడా వద్దనలేదు, అదే నాకు లోటుగా కనిపించింది. ఒక రాత్రి అతని చేత ఆ మాట అనిపించండి. ఆమె కారణం అడగకుండా దీపం వేసి, మంచినీళ్లు తెచ్చి, అతని పక్కన కూర్చోవాలి.