క్లబ్బు వాటాలు అమ్మే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన తొమ్మిది పేజీల ప్లాను రెండుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అమలాపురం పక్కన కుర్రాళ్ళు ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి, ఆట చూసే జనమే దానికి ఓనర్లు కావాలంటున్నారంటే నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడు! కానీ మూడో పేజీలో "వాటా 5,000 రూపాయలు, ఏడాదికి 12 శాతం రాబడి" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ముందు ఆ లైను కొట్టెయ్యి. మిగతావి తర్వాత.

రాబడి ఎక్కణ్ణుంచి తెస్తావురా? బంతులు, బూట్లు, టోర్నమెంటు ఎంట్రీ ఫీజు, రిఫరీ బత్తా, వ్యాను కిరాయి, మోకాలు వాచినవాడికి ఆసుపత్రి ఖర్చు. ఇదంతా పోయే డబ్బే. వచ్చేదేది? గోడే లేని హైస్కూల్ గ్రౌండులో టిక్కెట్టు ఎక్కడ చింపుతావు? చివరికి రెండో ఏడాది కట్టినవాళ్ళ డబ్బు తీసి మొదటి ఏడాది వాళ్ళకి పన్నెండు శాతం ఇస్తావు. ఆ ఆటని ఫుట్‌బాల్ అనరు. అలా లాభం ఆశ చూపి డిపాజిట్లు పోగెయ్యకుండా 2019లో కేంద్రం చట్టమే తెచ్చింది. పోనీ కంపెనీ పెడతానంటావేమో. ప్రైవేటు కంపెనీలో 200 మందికి మించి సభ్యులుండకూడదు, రండి కొనండి అని జనాన్ని పిలవకూడదు. ఏడుగురు కలిసి 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండి. అందులో మిగులుంటే సభ్యులు పంచుకోడానికి వీల్లేదు, క్లబ్బుకే ఖర్చుపెట్టాలి. మనకి కావలసింది అదే.

అసలు "వాటా" అనే మాటే ఎత్తకు. మన వైపు వాటా అంటే రొయ్యల చెరువులో వాటా. పంట పండితే పంచుకుంటారు, వైరస్ తగిలితే గట్టు మీద నిలబడి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. నీ క్లబ్బుకీ అదే లెక్క వేస్తారు. సభ్యత్వం అను. ఏడాదికి 300 పెట్టు. 5,000 అంటే కొబ్బరి దింపు తీసే కుర్రాడు దగ్గరికే రాడు. లైను పక్కన నిలబడి తొంభై నిమిషాలూ గొంతు చించుకునేది వాడేనాయె.

రాబడి లేకుండా ఎవడిస్తాడు మామయ్యా అంటావు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళవాళ్ళు దేవుడి ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు కదా. వాటికి చందా ఇచ్చినవాడు ఎవడన్నా ఏడాది తిరిగాక వడ్డీ అడిగాడా? గంగలకుర్రు ప్రభ కౌశిక ఏట్లో దిగినప్పుడు చూశావుగా, పీకల్లోతు నీళ్ళలో భుజం మార్చుకోడానికి ఎగబడతారు. ప్రభ తనదని వాడికి తెలుసు. నీ క్లబ్బు కూడా వాడిదని అనిపించాలి. అది అనిపించకపోతే 12 కాదు, 24 శాతం ఇస్తానన్నా మూడో ఏడాదికి గ్రౌండులో నువ్వూ బంతీ మిగులుతారు.

ఇంగ్లండులో ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్ అని చిన్న క్లబ్బు ఉంది. 2008లో ఇంటర్నెట్టులో కలిసిన వేలమంది తలా 35 పౌండ్లు వేసుకుని దాన్ని కొన్నారు. ఆ ఏడాదే వెంబ్లీ స్టేడియంలో ఎఫ్‌ఏ ట్రోఫీ అనే చిన్న క్లబ్బుల కప్పు గెలిచారు. ఇంకేం, పండగే. రెన్యువల్ టైము వచ్చేసరికి ఎక్కువమంది మళ్ళీ కట్టలేదు. ఏటేటా పలచబడి 2013లో క్లబ్బుని వేరేవాళ్ళ చేతిలో పెట్టేశారు. చాలామంది మ్యాచికి వెళ్ళేంత దగ్గర్లో ఉన్నవాళ్ళు కాదు మరి. సరదాకిచ్చిన డబ్బు సరదా ఉన్నన్నాళ్ళే. అందుకే నీ ప్లానులో "దేశవ్యాప్తంగా ఆన్‌లైన్ సభ్యులు" అన్నచోట ప్రశ్నార్థకం పెట్టాను. ముందు సైకిలెక్కి గ్రౌండుకి రాగలిగినవాళ్ళని చేర్చు.

ఇప్పుడు లెక్కల సంగతి. ఇది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మా రోజుల్లో మేం నడిపిన క్లబ్బుకి ట్రెజరరు ఒక లెక్కల మాస్టారు. ఆయన జేబులో ఎప్పుడూ రెండు పొట్లాలుండేవి, ఒకటి క్లబ్బు డబ్బు, ఒకటి సొంతది. ఒకసారి ఆ పొట్లం కలిసిపోయిందేమోనని రాత్రి పదింటికి మా ఇంటికొచ్చి లెక్కపెట్టుకుని వెళ్ళాడు. అలాంటి మనిషి. ఒక ఏడాది జనరల్ బాడీ మీటింగు స్కూలు వరండాలో పెట్టాం. పద్దు చదువుతున్నాడు, "గోల్ నెట్టుకి 140". వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకతను లేచాడు. "ఆయ్, నెట్టు అల్లింది మా బావమరిదేనండి. ఓడలరేవులో. వాడు తీసుకుంది వందేనండి మాస్టారూ." వరండా అంతా నిశ్శబ్దం. ఆ నలభై ఏమిటో నాకు తెలుసు. రెండుసార్లు వెళ్ళొచ్చిన బస్సు చార్జీ, వల సంచీ దించినవాడికి కూలి, టీ. మాస్టారు విడివిడిగా రాయలేదు, అంతే. చెప్పాడు కూడా. అందరూ తలూపారు. కానీ ఆ తర్వాత చందా అడగడానికి వెళ్తే "నెట్లు బాగా ఖరీదైపోయాయటండి" అని నవ్వేవాళ్ళు. మాస్టారు మళ్ళీ గ్రౌండు మొహం చూడలేదు. సాయంత్రం వాకింగుకి కూడా కాలవగట్టు మీంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

సొసైటీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పద్దులు రాసినవాణ్ణి, ఆ ఒక్క పద్దు నేను ముందు చూడలేదని ఇప్పటికీ బాధ. కాబట్టి టీ అయినా సరే, చీటీ ఉండాలి. ప్రతినెలా జమాఖర్చు ఒక కాగితం మీద రాసి గ్రౌండు పక్క టీకొట్టు గోడకి అంటించు. బ్యాంకు ఖాతా క్లబ్బు పేరు మీద, సంతకాలు ఇద్దరివి. నీ సొంత ఫోన్‌పే నంబరుకి ఒక్క రూపాయి వేయించుకోకు. తర్వాత మార్చేస్తాను అనుకుంటావు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఓటు మనిషికి ఒకటే. పదివేలిచ్చినవాడికీ ఒకటే. మమ్మల్ని ఎనిమిదేళ్ళు పోషించింది ఒక మిల్లు ఆసామి. జెర్సీలు, బంతులు, భోజనాలు, అన్నీ ఆయనే. చెడ్డవాడు కాదు. తొమ్మిదో ఏడు వాళ్ళబ్బాయిని కెప్టెన్ చెయ్యమన్నాడు. ఆ అబ్బాయికి ఎడమకాలితో బంతి తగిలితే అదే గొప్ప. కాదన్నాం. ఆయన మానేశాడు, రెండేళ్ళలో క్లబ్బు మూతపడింది. తప్పు ఆయనదంటే నేనొప్పుకోను. అన్నాళ్ళూ ఇంకొకళ్ళని అడగకుండా కూర్చున్నది మేమే. నీకూ అలాంటి దాత దొరుకుతాడు. తీసుకో, జెర్సీ మీద పేరు వెయ్యి, దండ కూడా వెయ్యి. జర్మనీలో క్లబ్బుల్లోకి పెట్టుబడిదారుల్ని రానిస్తూనే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, సగం మీద ఒక ఓటు సభ్యుల చేతిలోనే ఉండాలని 1998 నుంచి రూలుంది. ఆ తెలివి మనం అప్పు తెచ్చుకోవచ్చు. టీములో ఎవడాడాలన్నది మాత్రం సభ్యుల ఓటుకి పెట్టకు, అది కోచ్ పని. పెట్టావా, బావమరుదులంతా ఫార్వర్డులే.

సభ్యులు ఓనర్లయితే అప్పులుండవని మాత్రం అనుకోకు. స్పెయిన్‌లో మీ అభిమాన క్లబ్బు బార్సిలోనాకి లక్షకి పైగా సభ్యులు, ప్రెసిడెంటుని వాళ్ళే ఎన్నుకుంటారు. అయినా ఖర్చు మితిమీరి 2021లో మెస్సీనే వదులుకున్నారు. వచ్చే ఏడాది సభ్యత్వాలు చూసుకుని ఈ ఏడాది అప్పు చెయ్యొద్దు.

బైలాలో, అంటే క్లబ్బు నియమాల్లో, ఒకటి మర్చిపోయావు. పేరు, రంగు, ఊరు మార్చాలంటే నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలని రాయి. లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుని 2002లో మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతిచ్చేశారు. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు, బహిరంగ మైదానంలో ఆటగాళ్ళని ఎంపిక చేసుకుని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. 2011కి ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగులోకి, 2020కి తమ పాత ప్లౌ లేన్ వీధికి తిరిగొచ్చారు. పద్దెనిమిదేళ్ళు పట్టింది. మన దేశంలోనే చూడు, 1911లో దాదాపు అందరూ వట్టి కాళ్ళతో ఆడి తెల్ల రెజిమెంటు మీద ఐఎఫ్‌ఏ షీల్డు గెలిచిన కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ 2020లో ఏటీకే అనే ఇంకో కలకత్తా క్లబ్బుతో కలిసి పేరుకి ముందు ఆ మూడక్షరాలు తగిలించుకుంది. అభిమానులు గోల చేస్తే 2023లో తీసేశారు. నీకు అంత గోల చేసే జనం లేరు, కాబట్టి ముందే రాసుకో.

సభ్యత్వాలు సంక్రాంతికి మొదలుపెట్టు, హైదరాబాదు వాళ్ళూ గల్ఫ్ వాళ్ళూ ఊళ్ళోనే ఉంటారు. కోడిపందాల బరి దగ్గర మాత్రం టేబుల్ వెయ్యకు. గెలిచినవాడు ఇస్తాడు గానీ మర్నాడు గుర్తుండదు. మిగిలినవాళ్ళని దాళ్వా, అంటే రెండో పంట వరి, డబ్బు చేతికొచ్చాక, స్కూలు ఫీజులు మొదలవకముందు అడుగు. కువైట్, మస్కట్‌లలో ఉండేవాళ్ళు మన పాస్‌పోర్టు వాళ్ళే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఆడిటరుని అడగకుండా ముట్టుకోకు.

ఈ కవరులో 600 రూపాయలు పెట్టాను. 300 నాది, 300 మీ అత్తయ్యది. రెండు రసీదులు విడివిడిగా రాయి. ఒకే దాంట్లో "మామయ్య కుటుంబం" అని రాస్తే ఊరుకోనంది, ఆవిడ ఓటు నా ఇష్టప్రకారం వెయ్యదట. రసీదు బుక్కు ఇంకా అచ్చు వేయించలేదంటే కవరు అలాగే ఉంచు, తెరవకు.

ఇట్లు
మామయ్య