ఉజ్జీలు కారు, ఆట మాత్రం సరి

సందేహం: తపాలా చదరంగంలో మా తమ్ముడు (రేటింగు 1600) 1900 రేటింగున్న ఆటగాడితో డ్రా చేశాడు. మా సంఘం పత్రికలో 'సమఉజ్జీలుగా నిలిచారు' అని రాశాను. సంధి చేసి 'సమోజ్జీ' అనాలని మిత్రుడంటాడు. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: ఉజ్జీ తెలుగు మాట, దానికి గుణసంధి చేయడం అన్యాయం. పాత రూపం 'ఉద్ది'. ఆటకు ముందు జతలు కుదిర్చేటప్పుడు సాటివాణ్ని అలా అంటారు. సాటి అన్న అర్థం అందులోనే ఉండగా ముందు 'సమ' ఎందుకు? వార్తలు రాసేవాళ్లు ఈ అలవాటు మానుకుంటే బాగుండును.

అసలు చిక్కు వేరే ఉంది. ఉజ్జీతనం ఆటకు ముందే ఉండాలి. ఆటగాళ్లకు రేటింగు కట్టే ఎలో లెక్కలో 300 తేడా ఉంటే చిన్న ఆటగాడికి సగటున ఆటకు 0.15 పాయింటే అంచనా. మీ తమ్ముడు డ్రాతో అర పాయింటు తెచ్చుకున్నాడు, రేటింగూ పెరుగుతుంది. ఉజ్జీ కానివాడితో తెచ్చుకున్నాడు కనుకనే దానికి విలువ. 'సమఉజ్జీలు' అని ఆ ఘనతను మీరే తగ్గించారు.

ఇక్కడ కావలసిన మాట 'సరి'. తిరుపతిలో కూర్చుని ఈ మాట రాస్తూ అన్నమయ్యను తలవకుండా ఉండలేను.

నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే
అండనే బంటు నిద్ర అదియు నొకటే
మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే
చండాలుడుండేటి సరిభూమి యొకటే

రాజు, బంటు మన చదరంగం బల్ల మీదా ఉన్నారు. ఆయన చెప్పింది ఆ ఆట గురించి కాదు, కానీ ఆ 'సరిభూమి'ని చూడండి. రాజు రాజే, బంటు బంటే. ఇద్దరికీ దక్కిన నిద్ర ఒకటి, కాలి కింది నేల ఒకటి. మనుషుల హోదాలను చెరిపి రాయకుండా, వాళ్లకు దక్కినదాన్ని సమం చేసి చూపాడు. ఇంత చిన్న మాటతో ఇంత పని చేయించిన కవి నాకు మరొకరు కనబడరు. 'బ్రహ్మమొక్కటే' అంటూ ఇదే కీర్తనలో 'హీనాధికములు' (తక్కువ ఎక్కువలు) అన్న మాటా వాడాడు. రేటింగుల తేడాకు అంతకన్నా మంచి మాట ఏముంది?

సరి–బేసిలోని సరి, ఒప్పుకోలు 'సరే' మీకు తెలిసినవే.

'హీనాధికులైనా ఆట సరిసమంగా ముగిసింది' అని రాయవచ్చు. 'సరిసమం'లోనూ రెండింపు లేదా అంటే ఉంది, వాడుక దాన్ని నిలబెట్టింది. ఆ న్యాయం సమఉజ్జీకీ వర్తిస్తుందేమో, ఈ ఆటకు మాత్రం కాదు. 'డ్రా' అన్నా నాకు అభ్యంతరం లేదు. 'డ్రాగా ముగించబడింది' అని మాత్రం రాయకండి.